తొంభై రోజుల లెక్క

గురువారం పొద్దున ఇంగ్లండులోని లీడ్స్‌లో బస్సు డ్రైవరు క్వాకు అదొమాకో వేసుకున్న పథకం చాలా చిన్నది. రాత్రికి ఘనా చేరాలి, శనివారం మేనమామను మట్టిలో పెట్టాలి, ఆదివారం చర్చిలో ప్రార్థన ముగించుకుని బుధవారానికల్లా మళ్ళీ స్టీరింగు ముందు కూర్చోవాలి. శాశ్వత నివాసం వచ్చి ఏడాది దాటింది. తిరిగి రాగానే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తుకు ముందు ఏడాదిలో తొంభై రోజులకు మించి దేశం బయట ఉండకూడదు. మామ జబ్బుపడ్డప్పుడు రెండుసార్లు వెళ్ళి క్వాకు అరవై వాడేశాడు. మిగిలినవి ముప్పై. ఆగి పెట్టుకుందామంటే, వేసవిలో నియమాలు బిగిస్తారని లీడ్స్ చర్చిలో ఒకటే గోల.

"రోజుల లెక్క పుస్తకం పెట్టుకున్నావా?" అంది భార్య సెర్వా.

"పాస్‌పోర్టు కంటే ముందే పెట్టా."

"మీవాళ్ళు తొందరపడే రకం కాదు. జాగ్రత్త."

సెర్వా అన్నట్టే అయింది. కుమాసీ దగ్గరి ఆ ఊళ్ళో కారు దిగేసరికి, చనిపోయిన మామకు అన్నగారు, కుటుంబానికి పెద్ద అయిన ఒపోకు మావయ్య ఎదురొచ్చి కావలించుకున్నాడు.

"అల్లుడూ, వచ్చావు కదా! ఇంక కంగారు లేదు. వచ్చే శనివారానికి మార్చేశాం."

"నేను వచ్చానని మార్చారా?"

"మరి? ఇంగ్లండు నుంచి మేనల్లుడు దిగితే ఇంటికి రంగులైనా వెయ్యొద్దూ?"

"మామకి రంగులతో ఏం పని మావయ్యా?"

"వాడికేం పని! తినడానికొచ్చేవాళ్ళు చూస్తారు కదా."

రంగులు పూర్తయ్యాయి. ఈలోగా ఊరంతా అతికించే అంత్యక్రియల పోస్టర్లు వచ్చాయి. వాటిలో మామ ఫొటో ఉండాల్సిన చోట క్వాకు ఫొటో ఉంది. అచ్చువేసినవాడు పోయినవాణ్ణీ ఏడ్చేవాణ్ణీ తారుమారు చేశాడు. ఊరి గోడలనిండా క్వాకు నవ్వుతూ కన్నుమూశాడు. ఎవరో ఆ బొమ్మను ఫోన్‌లో లీడ్స్‌కు పంపారు. సాయంత్రం సెర్వా ఫోను.

"మీ డిపోలో నీకోసం రెండు నిమిషాలు మౌనం పాటించారట. బతికే ఉన్నావా?"

"ఉన్నా."

"అయితే సెలవు పొడిగించమని నువ్వే అడుగు. నేనడిగితే ఇంకెన్నాళ్ళని పొడిగించాలి అంటున్నారు."

కొత్త పోస్టర్ల కోసం ఇంకో వారం పోయింది. అవి అతికించిన మర్నాడే ఆ ప్రాంతపు రాజుగారు కాలం చేశారు. రాజుగారి సంతాపం ముగిసేదాకా రెండు వారాలు ఎవరూ అంత్యక్రియలు చెయ్యకూడదన్నారు. మామ మార్చురీలోనే ఉన్నాడు. క్వాకు పుస్తకం తీశాడు. బయల్దేరిన గురువారం ఒకటో రోజైతే, కొత్త శనివారం ముప్పై ఒకటో రోజు.

చిన్నప్పుడు కలప లారీ నడుపుతూ ఒళ్ళో కూర్చోబెట్టుకుని క్వాకుకు స్టీరింగు పట్టడం నేర్పినవాడు మామే. క్వాకు మళ్ళీ లెక్కేశాడు. వేళ్ళమీద వేశాడు, వెనకనుంచి వేశాడు. ఎలా వేసినా ముప్పై ఒకటే.

ఆ శనివారానికి రెండు రోజుల ముందు, గురువారం సాయంత్రం అతను పెట్టె సర్దుతుంటే ఒపోకు మావయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"మొదటి పిడికెడు మట్టి వెయ్యాల్సింది నువ్వురా."

"ఒక్కరోజు దాటినా పదేళ్ళ కష్టం పోతుంది మావయ్యా."

పెద్దాయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"వాడు లారీ తీస్తే నిన్నెప్పుడూ వదిలేసి వెళ్ళలేదు," అని మాత్రం అన్నాడు.

శనివారం క్వాకు లీడ్స్ బస్టాండులో, విరామంలో, ఫోన్‌లో అంత్యక్రియలు చూశాడు. పెట్టెను గుంతలోకి దించుతుండగా బొమ్మ బిగుసుకుపోయింది. అది కదిలేలోపు ఒక ముసలామె బస్సు తలుపు కొట్టింది.

"నాయనా, నీ సినిమా అయ్యిందా? చలికి చస్తున్నాను."

క్వాకు తలుపు తీశాడు.

మంగళవారం సలహా కేంద్రానికి వెళ్ళాడు. అక్కడ దరఖాస్తులు నింపిపెట్టే బ్రెండా అతని పుస్తకం తిరగేసి కళ్ళజోడు సవరించుకుంది.

"వెళ్ళిన రోజూ వచ్చిన రోజూ కూడా వేశారేంటి?"

"వెయ్యకూడదా?"

"అక్కర్లేదండీ. పూర్తిగా బయట గడిపిన రోజులే లెక్క. మూడు ప్రయాణాలు కదా, ఆరు రోజులు తీసెయ్యండి. మొత్తం ఎనభై నాలుగు. ఒకటీ రెండూ దాటినా మామూలుగా పట్టించుకోరులెండి." ఆమె మెచ్చుకోలుగా నవ్వింది. "మీకింకా ఆరు మిగిలాయి. కావాలంటే ఇంకోసారి వెళ్ళి రండి!"

క్వాకు మనసులో మళ్ళీ లెక్కేశాడు. శనివారం మట్టి వేసి, ఆదివారం ప్రార్థనలో పాడి, సోమవారం దిగినా సరిపోయేది. ఇంకా మూడు రోజులు మిగిలేవి.

బ్రెండా ఫారం నింపుతూ ఆగింది. "ఈ చివరి ప్రయాణానికి కారణం?"

"మా మామ..."

"అయ్యో." ఆమె గొంతు తగ్గించింది. 'మేనమామ అంత్యక్రియలకు హాజరు' అని గుండ్రటి అక్షరాలతో రాసి, ఫారం అతనివైపు తిప్పి, ఇందులోవన్నీ నిజాలేనని సంతకం పెట్టమంది.

క్వాకు ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు. నాలుగు నెలలకు పౌరసత్వం వచ్చింది.

ఆ ఫారం మొత్తంలో అబద్ధం అదొక్కటే.