ముప్పై దగ్గర కోసిన రేకు

ఆదివారం పొద్దున్నే కనకం డేగిసా నిండా సున్నుండలు చుట్టింది. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో లెక్కల టీచరు కనకం ఒంటరిగా ఉంటోంది. భర్త రాజేంద్ర కట్నీ లైన్లో ఓ చిన్న స్టేషనుకు మాస్టరు. పక్కింటి గార్డు జగన్నాథం సాయంత్రం అటే డ్యూటీకి వెళ్తున్నాడు. ఆయన చేత సున్నుండలు పంపాలని ఆమె ఆలోచన.

ఇంట్లో అరవై సెంటీమీటర్ల చదరపు రేకు ఒకటుంది. నాలుగు మూలలా చదరాలు కోసి, అంచులు పైకి మడిస్తే పెట్టె అవుతుంది. చిన్నవి కోస్తే లోతు చాలదు, పెద్దవి కోస్తే అడుగు చాలదు. ఆయనకు ఒక్క ఉండైనా ఎక్కువ పట్టాలి. కనకం ఘనపరిమాణానికి సమీకరణం రాసి, అవకలనం చేసి, సున్నాకు సమానం చేసింది.

జగన్నాథం భార్య అప్పలనర్సమ్మ రేకులవాడి కొట్టుండే మంగ్లా వైపు వెళ్తూ రేకు చంకన పెట్టుకుంది. "మూలకెంత కొయ్యమనాలే?"

"రెండొచ్చాయి పిన్నీ. పదీ, ముప్పై. అందులో..."

ఫోను మోగింది. రాజేంద్ర! కనకం లోపలికి పరుగెత్తింది. "ఏటి తిన్నారు?" అంటే ఆయన "ఖిచిడీ" అన్నాడు. ఇవాళా అదే. కళ్ళు తుడుచుకుని వచ్చేసరికి పిన్ని లేదు.

పెద్ద కోతకు పెద్ద పెట్టె వస్తుందనుకుని అప్పలనర్సమ్మ ముప్పై చెప్పింది. మూలకు ముప్పై చొప్పున కోసేసరికి రేకు నాలుగు ముక్కలైంది, మడవడానికి ఏమీ మిగల్లేదు. రేకులవాడు జాలిపడి, అంచులు కొట్టి నాలుగు పళ్ళేలు చేసిచ్చాడు.

"పది దగ్గర గరిష్ఠం పిన్నీ! ముప్పై దగ్గర కనిష్ఠం. పెట్టె సున్నా!" అంది కనకం.

"సున్నాకి నాలుగు పళ్ళేలొచ్చాయి కదే!"

వరండాలో పళ్ళేలు చూసి జగన్నాథం భార్యను అడిగాడు. "కనకానికి ఇన్ని పళ్ళేలెందుకే?"

తన తప్పు చెప్పుకోలేక ఆవిడ, "ఆళ్ళాయన ఇక్కడికే వొచ్చెత్తన్నాడేమో" అంది.

జగన్నాథం వెంటనే ఫోను కొట్టాడు. "రాజేంద్రా, ట్రాన్స్‌ఫరు వొచ్చీసిందట గదా! బధాయీ!"

ఆ మాట కోసం రాజేంద్ర ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నాడు. మర్నాడు ఆయనకు వారపు రెస్టు. మధ్యాహ్నం కనకం ఒంటిపూట బడి నుంచి వచ్చేసరికి, ఉస్లాపూర్ స్టేషన్ నుంచి వచ్చిన ఆటో క్వార్టరు ముందు ఆగింది. పరుపు, బకెట్టు, స్టవ్వు, చంకలో టేబుల్ ఫ్యానుతో ఆయన దిగాడు.

"ఆర్డరేదీ?"

"ఏ ఆర్డరండీ?"

ఆయన మొహం చూశాక కనకానికి అంతా అర్థమైంది. "లోపలికి రండి. ముందు అన్నం తినండి," అంది.

వేడన్నంలో పప్పు కలుపుకుని ఆయన తిన్నాడు. ఆమె మారు వడ్డించింది, మళ్ళీ వడ్డించింది, పంపలేకపోయిన సున్నుండలూ పెట్టింది. సాయంత్రం ఆయన సామాను కట్టబోతుంటే కనకం పరుపు మీద కూర్చుంది.

"ఇది ఇక్కడే వుంచీండి."

"మరి నాకో?"

"అక్కడ నిద్రే పట్టదన్నారు. పరుపెందుకు?"

రాజేంద్ర తాడు కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాడు.

ఎప్పుడూ ఆలస్యమయ్యే బండి, మర్నాడు ఆయన్ను తీసుకుపోవడానికి మాత్రం సరిగ్గా టైముకి వచ్చింది.