తుపాకి మూతికి ముక్కాలు మిల్లీమీటరు

ఒక తుపాకి మూతిని ముక్కాలు మిల్లీమీటరు వెడల్పు చేయడానికి మన జిల్లాలో మూడు శాఖలు, పదకొండు సంతకాలు, ఒక ఉపసంఘం అవసరమని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేస్తున్నాను. (ఇది గాలివార్త కాదు. ఆ పదకొండులో ఏడు సంతకాలు నేను ఎదురుగా కూర్చుని పెట్టించినవి. మిగతా నాలుగూ పెట్టవలసినవారు ట్రైనింగుకు పోయి ఉన్నారు. దేంట్లో ట్రైనింగో వాళ్ల ఆఫీసులో ఎవరికీ తెలియదు.)

తెలియనివారి కోసం చెబుతాను. తుపాకి గొట్టం చివర మూతి దగ్గర కొంచెం సన్నబడి ఉంటుంది. దాన్ని చోక్ అంటారు. తోటకు నీళ్లు పట్టే పైపు కొసను బొటనవేలితో నొక్కితే నీళ్లు సన్నగా దూరం పోతాయి, వేలు తీస్తే దగ్గర్లోనే విశాలంగా పడతాయి. చోక్ చేసే పని ఆ బొటనవేలు చేసే పనే. మూతి బిగువుగా ఉంటే సీసపు గుండ్లు గుత్తిగా దూరం పోతాయి, వదులుగా ఉంటే దగ్గర్లోనే జల్లెడంత వెడల్పున పరుచుకుంటాయి. ఇంతే శాస్త్రం. మూడో తరగతితో బడి మానేసిన నాకే అర్థమైంది.

మా ఇంటాయన మునియప్ప బంగారు గనుల వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసేవాడు. ఆ కాలంలో ఆఫీసర్లు శనివారం మధ్యాహ్నం తుపాకులు తెచ్చి ఇచ్చిపోయేవారు. ఆదివారం గుట్టల్లో కౌజు పిట్టల వేట. కౌజు అనేది మనిషి కాలికింది పొదలోంచి బుర్రుమని లేస్తుంది, లేచినచోటే కొట్టాలి. అందుకని ఒక గొట్టం మూతి బాగా వదులు, దూరం పోయినదాన్ని కొట్టేందుకు రెండోది కొంచెం బిగువు. మా ఇంటాయన ఇత్తడితో బొటనవేలంత బిరడాలు తిప్పుకుని పెట్టుకున్నాడు. వాటితోనే కొలత. బిరడా తోయకుండా తనంతట తాను మూతిలోకి దిగితే పని అయినట్టు. సైరన్ మోగేలోపల రెండు తుపాకులు పూర్తిచేసి, చేతులు కడుక్కుని, టీ తాగేవాడు. అనుమతి లేదు, అర్జీ లేదు. చచ్చేది ప్రాణమున్న పిట్ట గనుక ఎవరికీ ఏ కాగితమూ అక్కర్లేకపోయింది. తర్వాత చట్టం వచ్చి వేట ఆగిపోయింది, మంచిదే అయింది. ఇప్పుడు పగలవలసింది మట్టి బిళ్ల. ఆ బిళ్ల కోసం నా సంచిలో ఉన్న కాగితాలు నూట పద్నాలుగు.

గనులు మూతపడ్డాక మారికుప్పం అవతల మాకున్న ఎకరంన్నర రాగి చేనుకు పందుల బెడద ఎక్కువైంది. పంట రక్షణ లైసెన్సు మీద మా ఇంటాయన ఒక జంట గొట్టాల తుపాకి తీసుకున్నాడు. పందిని దూరం నుంచే తరమాలి గనుక రెండు మూతులూ బిగువైనవే. ఆయన పోయాక లైసెన్సు నా పేరుకు వచ్చింది, వాడే మనిషిగా నా మనవరాలు చైత్ర పేరు కూడా అందులో ఎక్కింది. చైత్ర పందులను బెదిరించి బెదిరించి గురి నేర్చుకుని, స్కీట్ అనే ఆటలోకి పోయింది. రెండు గూళ్లలోంచి మట్టి బిళ్లలు గాల్లోకి ఎగరేస్తారు, దగ్గర్లోనే, రెప్ప వేసేలోపల. వాటిని పగలగొట్టాలి. కోచ్ గారి తుపాకితో ఇరవై ఐదింటికి ఇరవై మూడు పగిలేవి. మా బిగువు మూతితో పదిహేడు. రాష్ట్ర జట్టు ఎంపికకు నలభై రోజులుంది. పోటీలో ఎవరి లైసెన్సులో ఉన్న తుపాకితో వాళ్లే కాల్చాలి. జూనియర్లలో చైత్రకు అదే ఆఖరి ఏడు.

అందుకని తుపాకిని దుప్పట్లో చుట్టుకుని కోలారులో దాసప్ప అంగడికి పోయాము. దాసప్ప లైసెన్సున్న తుపాకుల మేస్త్రీ, మా ఇంటాయన దగ్గర పని నేర్చుకున్నవాడు.

“ఒక పూట పనక్కా. అన్న నేర్పిందే,” అన్నాడు దాసప్ప, మూతిలో వేలు పెట్టి చూసి. “కానీ కాగితం లేకుండా ముట్టుకుంటే నా అంగడికి బీగం ఏస్తారు.”

“ఏం కాగితమప్పా?”

“అది నాకూ తెలీదు. ఏదైనా సరే, సీలు ఉండాల.”

సీలు ఉండే చోటుకు, అంటే కలెక్టరు కచేరీకి పోయాము. ఆయుధాల విభాగంలో గుమాస్తా చిక్కవెంకటప్ప చాలా మంచి మనిషి. కుర్చీ చూపించాడు. (విరిగిన కుర్చీయే గానీ చూపించాడు.) కంప్యూటర్ తెరిచి అడగడం మొదలుపెట్టాడు.

“తుపాకి పోయిందామ్మా?”

“లేదప్పా, ఉండాది.”

“అమ్మేస్తా ఉండారా?”

“లేదు.”

“లైసెన్సుదారు చచ్చిపోయినారా?”

“నేనే లైసెన్సుదారుని.”

ఆయన కంప్యూటర్‌ను చూసి, నన్ను చూసి, మళ్లీ కంప్యూటర్‌ను చూశాడు. “ఇంగ వేరే కారణం దీంట్లో లేదమ్మా,” అన్నాడు విచారంగా. చైత్ర వేలుపెట్టి చూపిస్తే అట్టడుగున ‘ఇతరములు’ అని ఒకటి కనిపించింది. అది ఇంతవరకు ఎవరూ నొక్కలేదట. నొక్కగానే మా అర్జీ తనంతట తాను జిల్లా మూతి పరిశీలన ఉపసంఘానికి పోయింది. అటువంటి ఉపసంఘం ఉందని ఉపసంఘం వాళ్లకు ఆ రోజే తెలిసింది.

ఉపసంఘం అధ్యక్షుడు గిరీశ్ సారు. మొదటి సమావేశంలో ఆయన మా లైసెన్సును రెండుసార్లు చదివాడు.

“ఇది పంట రక్షణ లైసెన్సు. ఈ మట్టి బిళ్లలు ఏ పంట తింటాయి?”

“ఏదీ తినవు సార్. మట్టి,” అంది చైత్ర.

“అట్లయితే వాటిని కాల్చేది యాల?”

“ఆట సార్.”

“ఆట పంట కాదు కదమ్మా.”

అది కాదని మేమూ ఒప్పుకున్నాము. కనుక వ్యవసాయ శాఖ నుంచి ఒక ధ్రువపత్రం అవసరమైంది. తొమ్మిది రోజుల్లో వచ్చింది: ‘మారికుప్పం పరిసరాల్లో రాగి పంటకు మట్టి బిళ్లల వలన నష్టం వాటిల్లినట్లు దాఖలాలు లేవు.’ దాన్ని చూసి ఉపసంఘం, నష్టమే లేనప్పుడు తుపాకి ఎందుకని మరొక ప్రశ్న వేసింది. దానికి జవాబు తయారయ్యేలోపల, వదులు మూతి కౌజు పిట్టల వేటకు పనికొస్తుందని సభ్యుల్లో ఒకరికి తోచింది. (ఆయనకు ఆ సంగతి చెప్పింది నేనే. టీ తాగుతూ పాతరోజుల మాటలు చెబుతుంటే నోరు జారింది. అప్పటినుంచి కచేరీల్లో టీ మానేశాను.) కాబట్టి కౌజుల తరపున అటవీ శాఖ అభ్యంతరం లేదని చెప్పాలి. మునేష్ అనే వాచరు వచ్చి మా చేనుగట్టు మీద ఒక పగలంతా కూర్చుని లెక్కపెట్టాడు. మా రాగి చేనులో పద్నాలుగు కౌజులు హాయిగా తిరుగుతున్నాయి. ‘పిట్టలు దరఖాస్తుదారును చూసి భయపడుట లేదు’ అని ఆయన నివేదిక. మొత్తం వ్యవహారంలో నిజం రాసిన కాగితం అదొక్కటే. అప్పటికి ఇరవై రెండు రోజులు గడిచాయి.

ఇంగ కొలతల రోజు. మూతి ఇప్పుడెంత ఉందో ఉపసంఘం కొలిచి రాస్తేనే తర్వాత ఎంత చేయవచ్చో రాయగలరు. నేను మా ఇంటాయన ఇత్తడి బిరడాలు గుడ్డలో కట్టుకుని తీసుకుపోయాను.

“వీటిని ఎవరు సర్టిఫై చేసినారు?” అన్నాడు గిరీశ్ సారు.

“మా ఇంటాయన.”

“ఆయన సంతకం?”

“ఆయన పోయి ఆరేండ్లయిందప్పా.”

“అట్లయితే చెల్లదు.”

పక్క సెక్షన్ నుంచి ఒక చెక్క స్కేలు తెప్పించారు. గిరీశ్ సారు దాన్ని తుపాకి ముందు అడ్డంగా పెట్టాడు. ఒక గొట్టం బయటి అంచు నుంచి రెండో గొట్టం బయటి అంచు దాకా, రెండింటినీ కలిపి, గంభీరంగా చదివాడు. “నలభై మూడు.” చిక్కవెంకటప్ప రాశాడు: మూతి, నలభై మూడు మిల్లీమీటర్లు.

“సార్, అది బయటి కొలత,” అంది చైత్ర. “రెండు గొట్టాలకీ కలిపి వచ్చింది. ఒక్కో దానికి లోపల కొలవాల. పదిహేడున్నర ఉంటాది.”

“నియమంలో లోపల, బయట అని లేదమ్మా. మూతి అని ఉండాది. మూతి కొలిచినాము.”

“సార్, నలభై మూడంటే నా పిడికిలి పట్టేస్తాది.”

“పెట్టి చూసేది వద్దు. ప్రమాదం,” అన్నాడు గిరీశ్ సారు, ఆమె క్షేమం కోరి.

నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. నలభై మూడు మిల్లీమీటర్ల మూతిగల ఆయుధం పంట రక్షణ తరగతిలోకి రాదు. సాధారణ తుపాకి తరగతిలోకి కూడా రాదు. అది ఫిరంగి. ఒక వితంతువు ఎకరంన్నర రాగి చేనులో ఫిరంగి పెట్టుకోవడానికి ప్రస్తుత నియమాల్లో వీలు లేదు. ఇరవై నాలుగు గంటల్లో పోలీస్ స్టేషన్లో అప్పగించవలెను. అప్పగించాము. రసీదు ఇచ్చారు: ‘ఫిరంగి (చిన్నది), ఒకటి.’ దాని పక్కన ముందుజాగ్రత్తగా ఒక ఇసుక బకెట్టు కూడా పెట్టారు.

ఎంపికకు పన్నెండు రోజులుంది. తప్పు దిద్దడానికి కొలత సవరణ అర్జీ అని ఒకటి ఉంది. దానికి ఆయుధాన్ని ఉపసంఘం ముందు హాజరుపరచాలి. ఫిరంగిని స్టేషన్ నుంచి కదిలించాలంటే లారీ, లారీకి ముందొక ఎర్రజెండా, వెనకొక ఎర్రజెండా ఉండాలి. (అదే ఫిరంగి నాలుగు వారాల ముందు దుప్పట్లో చుట్టుకుని కోలారు బస్సులో నా ఒళ్లో కూర్చుని వచ్చింది.) స్కేలే స్టేషన్‌కు తీసుకుపోరాదా అని అడిగాను. స్కేలు కచేరీ ఆస్తి, ఆవరణ దాటరాదు.

ఎనిమిది రోజులు గిరీశ్ సారు గది బయట బెంచీ మీద కూర్చున్నాను. తొమ్మిదో రోజు ఆయనే బయటికి వచ్చాడు.

“ఏమమ్మా, రోజూ వస్తా ఉండారు. మేమేమైనా ఆపినామా?”

“ఆపలేదా అప్పా?”

“లేదు. ప్రాసెస్‌లో ఉండాది.”

“పాప పోటీ ఆదివారం. అది ప్రాసెస్‌లో లేదప్పా. ఆదివారమే అయిపోతాది.”

ఆయన మనసు లేని మనిషి కాదు. “పోటీని వాయిదా వేయమని ఒక అర్జీ రాసి ఇవ్వండి,” అన్నాడు. “పంపిస్తాము.”

బస్సులో చైత్ర కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

“వదిలేద్దాము అవ్వా.”

“వదిలేస్తే ఏమైతాది?”

“ఏం కాదు. వచ్చే ఏడు నేను జూనియర్ కాదు. అంతే.”

అయినా ఆదివారం నాడు తెల్లారగానే లేచి, షూటింగు బనీను వేసుకుని, మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయింది. నేనూ పోయాను. అక్కడ కోచ్ గారు అడిగారు, “తుపాకి యాడమ్మా?” అని. “స్టేషన్లో ఉండాది సార్, ఫిరంగిగా,” అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బిళ్లలు ఎగరేసే మీట దగ్గర ఉండే మనిషి రాలేదంటే పోయి అక్కడ కూర్చుంది. మిగతా పిల్లలు బిళ్ల వదలమని ‘పుల్’ అని అరిచినప్పుడల్లా మీట నొక్కింది, పొద్దు వాలేదాకా. ఒక్క బిళ్ల కూడా ఆలస్యంగా ఎగరలేదు. ముగ్గురిని ఎంపిక చేశారు. మూడో పిల్లకు ఇరవై ఐదింటికి ఇరవై ఒకటి.

ఇంటికి వచ్చాక రాగి ముద్ద సగం వదిలేసింది. పళ్లు వచ్చిననాటి నుంచి ముద్ద వదిలిన పిల్ల కాదు.

రెండు నెలల తర్వాత అదే కచేరీ నుంచి మళ్లీ ఉత్తరం వచ్చింది. సవరణ గురించేమో అనుకున్నాను. కాదు. గ్రామీణ క్రీడా ప్రోత్సాహ దినం జరుపుతున్నారు. జిల్లాలో స్కీట్ ఆడే ఏకైక యువతి అయినందుకు చైత్రకు శాలువా, జ్ఞాపిక. ఫోటోలో తుపాకి కూడా ఉంటే బాగుంటుందని గిరీశ్ సారుకు తోచి, పది నిమిషాల కోసం దాన్ని స్టేషన్ నుంచి వేదిక మీదికి తెప్పించారు. (లారీ లేదు, ఎర్రజెండాలు లేవు. ఒక కానిస్టేబుల్ మోటారు సైకిల్ మీద తెచ్చాడు.) ముందు వరుసలో మూడు శాఖల అధికారులూ ఉన్నారు. ట్రైనింగుకు పోయిన నలుగురు కూడా తిరిగి వచ్చి ఉన్నారు. గిరీశ్ సారు మైకులో, ఈ జిల్లా ఆడపిల్లల గురికి ఎప్పుడూ అడ్డు రాలేదని చెప్పాడు.

తుపాకి చేతికి రాగానే ఎవరైనా మొదట చేయవలసింది ఒక్కటే. నేలవైపు పట్టి, మధ్యలో విరిచి తెరిచి, లోపల తూటా లేదని అందరికీ చూపించాలి. విరిచి ఉన్న తుపాకి చీపురుకట్టతో సమానం, ఆ స్థితిలో అది పేలడం జరగదు. ఆట నేర్చుకునే పిల్లలకు మొదటి రోజు మొదటి పాఠం ఇది. చైత్ర అలవాటు ప్రకారం విరిచింది. టక్కుమని చప్పుడైంది.

ముందు వరుసలో మూడు శాఖలూ, ఉపసంఘమూ, అధ్యక్షుల వారూ ఒక్కసారిగా కుర్చీల కిందికి పోయారు. ఈ జిల్లాలో అర్జీ లేకుండా, సంతకం లేకుండా, అదే నిమిషంలో జరిగిన పని నేను చూసింది అదొక్కటే.