ఉమ్మడి తాతగారు

మూడు కోట్ల ఏళ్ళ క్రితం కాలం చేసిన ఒక వైరస్ ఈశ్వర్రావుకీ రోహిణికీ ఉమ్మడి తాతగారు అవుతున్నందున వాళ్ళ పెళ్ళి రిజిస్టరు చేయడం కుదరదని కొండరేవు రిజిస్ట్రారు ఆఫీసు సోమవారం ఉదయం రాతపూర్వకంగా తెలియజేసింది. ఉత్తరం చివర చింతిస్తున్నామని కూడా రాశారు. ఆ ఆఫీసులో మర్యాదకి ఏనాడూ లోటు లేదు.

నిజానికి ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. పెళ్ళికి ముందు ఇద్దరి ఉమ్మి తీసి, జన్యుక్రమాన్ని అక్షరం అక్షరం చదివించి, అన్నాచెల్లెళ్ళ వరస కాదని తేల్చుకోవడం ఆ ఊళ్ళో రెండేళ్ళుగా ఉన్న నిబంధనే. పూర్వం పెద్దవాళ్ళు ఇంటిపేరు అడిగి తేల్చే పనిని ఇప్పుడు యంత్రం చేస్తోంది, అంతే. పాత యంత్రం పైపైన చదివేది. శనివారం దిగిన కొత్త యంత్రం అన్నీ చదువుతుంది. మనిషి అక్షరాల్లో నూటికి ఎనిమిది పాళ్ళు పాత వైరస్‌లవేనని అది తేల్చాక, వాటినీ చుట్టాల జాబితాలోకి ఎక్కించక తప్పలేదు. అరటిచెట్టుతోనూ బోలెడు పోలికలు కనబడ్డాయి గానీ, దాన్ని దూరపు బంధువని రాసి వదిలేశారు. పెళ్ళిపందిట్లో అది ఎలాగూ గుమ్మం దగ్గరే నిలబడుతుంది కాబట్టి ఎవరికీ అభ్యంతరం రాలేదు. వైరస్ సంగతి వేరు. అది ఒంట్లోనే కాపురం ఉంటోంది.

కొత్త యంత్రం కింద మొదటి దరఖాస్తు వీళ్ళదే. ఆరేళ్ళు ఎదురుచూశారు పాపం. కులాలు వేరని రోహిణి తండ్రి సూరన్న ససేమిరా అన్నాడు. చివరికి, "ఒక్కసారే వస్తాను, సంతకం పెట్టి పోతాను, మళ్ళీ పిలిస్తే మాత్రం రాను," అని ఒప్పుకుని ఈ సోమవారమే వచ్చాడు. ఈశ్వర్రావు తల్లి రమణమ్మకీ తనకీ మధ్య రెండు కుర్చీలు ఖాళీగా ఉంచి మరీ కూర్చున్నాడు.

రోహిణి పనిచేసేది ఆ యంత్రం ఉన్న లాబ్‌లోనే. ఉత్తరం చదివి ఆమె గుమాస్తా గున్నయ్య దగ్గరికి వెళ్ళింది.

"ఈ తాత మా ఇద్దరికే కాదు సార్, అందరికీ తాతే. మీకూ, మీ ఆవిడకీ కూడా."

"మా పెళ్ళి పాతికేళ్ళ కిందటే అయిపోయిందమ్మా. దానికి ఈ మెషీను వర్తించదు," అన్నాడు గున్నయ్య.

ఈశ్వర్రావు ముందుకొచ్చాడు. "పోనీ సార్, నాకు తండ్రి వైపు తాతనీ, తనకి తల్లి వైపు తాతనీ రాయండి. బావామరదళ్ళం అయిపోతాం కదా."

గున్నయ్య మొహం వెలిగింది. బావామరదళ్ళకి ఎవరడ్డు? రిజిస్టరు తిప్పి, వేలు పెట్టి వెతికి, నిట్టూర్చాడు. "అమ్మ వైపూ ఉన్నారు, నాన్న వైపూ ఉన్నారు బాబూ. చాలా పెద్ద కుటుంబం ఆయనది."

రోహిణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటికి గానీ సూరన్నకి విషయం అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచిన లేవడం ఆఫీసంతా చూసింది.

"ఏటండీ? ఏటన్నారు? మాకూ ఆళ్ళకీ తాత ఒకడా? ఏడు తరాల్నుంచి ఆళ్ళింట మంచినీళ్ళు ముట్టలేదు మేం! మా ఒంట్లో ఉన్నది మా కులం వైరస్సు. ఆళ్ళ ఒంట్లోది ఆళ్ళ కులం వైరస్సు. రెండూ ఒకటని ఎవడన్నాడో పిలవండి, తేల్చేస్తాను!"

"మేమూ అదే అంటన్నాం," అంది రమణమ్మ. "మావోడి వైరస్సుకి ఆళ్ళతో పోలికేటి, సిగ్గుసేటు!"

ఆరేళ్ళలో రెండు కుటుంబాలూ ఒక మాట మీదకి రావడం అదే మొదలు. గున్నయ్య తెల్లకాగితాలు రెండు బల్ల మీద పెట్టాడు. "ఆ ముక్కే రాసివ్వండి. కులం వేరైతే వైరస్ వేరు. మెషీను కాగితం మీద ముద్ర లేదు. కులం సర్టిఫికెట్ మీద ఉంది."

అక్షరాలు ఒకటే అయినా కులాలు వేరు కనుక తమ మధ్య రక్తసంబంధం గానీ, పోలిక గానీ ఏమాత్రం లేవని వధూవరులిద్దరూ సంతకం పెట్టాలి. రోహిణికి సిగ్గేసింది. సంతోషమూ వేసింది. సంతోషమే పెద్దది కాబట్టి పెట్టేసింది. మధ్యాహ్నానికల్లా దండలు మారాయి. ఆరేళ్ళు అడ్డుపడిన కులమే అక్షింతలు వేసినట్టయింది. సూరన్న తన మాట నెగ్గినందుకు రెండోసారి సాంబారు పోయించుకున్నాడు.

ఊళ్ళో మిగతా పెళ్ళిళ్ళకీ అదే దారి దొరికింది. ఒకే కులం వాళ్ళయితే ఇంటిపేరు వేరుంటే చాలన్నారు. యంత్రానికి ఒక్కటే కనబడిన చోట రిజిస్టరులో నాలుగు వందల పన్నెండు వైరస్‌లు చేరాయి. అందరూ సుఖంగా ఉన్నారు.

మరుసటి ఏడు రోహిణికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డని తల్లి కడుపుకి అంటిపెట్టే మావి తయారవడానికి అలాంటి పాత వైరస్ ఒకటి ఇచ్చిన అక్షరాలే ఆధారం. ఆ సంగతి రోహిణికి తెలుసు. తొమ్మిది నెలలూ పొట్ట మీద చెయ్యి వేసుకుని తాతగారికి మనసులోనే దండం పెట్టుకుంది.

పుట్టిన తేదీ రాయించడానికి వెళ్తే గున్నయ్య నవ్వుతూ పలకరించి, పాపకి చిటిక వేశాడు. కాగితంలో వైరస్ కులం అని ఒక గడి ఉంది.

"తండ్రి తరఫు వైరస్‌ని రాస్తున్నానమ్మా. మీ తరఫుది కొట్టేస్తున్నాను."

"రెండూ ఒకటే కదా సార్," అంది రోహిణి, అలవాటుగా.

గున్నయ్య పెన్ను ఆపాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "అంత మాట అనకు తల్లీ. ఒకటే అయితే మీ పెళ్ళి చెల్లదు."

రోహిణి పాప మొహంలోకి చూసింది. ముక్కు తండ్రిది, నుదురు తనది. దుప్పటి సర్దింది.

"వేరేనండీ," అంది. "రాసేయండి."