రాయపురం కాకులు, సర్కారు మామిడిపండు

రండయ్యా, దగ్గరికి జరగండి. సుండల్, అదే శనగ గుగ్గిళ్ల పొట్లాలు కొనుక్కున్నవాళ్లు కాగితం చప్పుడు కాకుండా తినండి. ఆ వెనకాల గుసగుసలాడుతున్నవాళ్లు మిగతా సగం రేపు మాట్లాడుకోండి. ఇక అందరూ నోళ్లు మూస్తే నేను నోరు తెరుస్తాను.

నేను చదువుకున్నవాణ్ణి కాను. రాయపురం తెలుగు ఎలిమెంటరీ స్కూల్లో పద్ధెనిమిదేళ్లుగా గంట కొడుతున్నాను. నాకు అక్షరం రాదు గాని, అక్షరాలు వచ్చినవాళ్లంతా నా గంట వింటేనే లోపలికి వచ్చారు, నా గంట వింటేనే బయటికి పోయారు. అందుకని నా మాట నమ్మొచ్చు.

యాభై ఆరో సంవత్సరంలో బాల సృజన మండలి అధ్యక్షులు శ్రీ వెంకటాచలపతి గారు ఒక చరిత్రాత్మక ప్రకటన చేశారు. ఆయన సామాన్యుడు కాదు. ఒకసారి బీచిలో ఆయన ఉపన్యాసం మొదలుపెడితే అలలు ఒడ్డుకు రాకుండా సగంలోనే నిలబడిపోయాయి. నేను కళ్లారా చూశాను.

"మన పిల్లలు ఇక పుస్తకాల పురుగులు కారాదు," అన్నారాయన. "ప్రతి విద్యార్థీ సొంత బుర్రతో, సొంత చేతులతో ఏదైనా సృష్టించాలి. సొంతంగా ఏం సృష్టించాలో త్వరలో సర్క్యులర్ పంపిస్తాం."

మా స్కూలు గేటు దగ్గర సుండల్ అమ్మే ఏకాంబరం ఇది విని తల పంకించాడు. "మంచిది సామీ. బుర్ర వాడకుండా వదిలేస్తే తుప్పు పట్టిపోతాది. మా తాతది అట్లే పోయింది," అన్నాడు.

అన్నట్టే సర్క్యులర్ వచ్చింది. దాంతోపాటు ఒక గాజుపెట్టె వచ్చింది. పెట్టెలో పసుపురంగు వేసిన మట్టి మామిడిపండు ఉంది. దాని బుగ్గ మీద ఊదారంగు సర్కారు ముద్ర ఉంది. అది శాంపిల్. రాష్ట్రంలోని పిల్లలందరూ అచ్చం దానిలాంటి పండునే సొంతంగా ఊహించాలి. నాలుగంగుళాల పొడవు, ఆరు ఔన్సుల బరువు, తొడిమ ఎడంవైపుకు వంగాలి. శాంపిల్‌కు పూర్తిగా సరిపోయిన పండుకు మొదటి బహుమతి: మైలాపూరులో ఒక పెద్ద హైస్కూల్లో ఆరో క్లాసు, అదే ఫస్ట్ ఫారం నుంచి చివరిదాకా ఉచితంగా సీటు, హాస్టల్లో మంచం, పుస్తకాలు, దోమతెర.

ఆ సీటు మీద ప్రాణం పెట్టుకున్న పిల్ల ఒకతె ఉంది. పేరు మంగళ. అయిదో క్లాసు. వాళ్లమ్మ తంగమ్మ స్కూలు గోడ అవతలే చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఎండుచేపల దగ్గర కాకుల్ని తోలడానికి ఒక మనిషి పొద్దస్తమానం కూర్చోవాలి. ఆ మనిషి మంగళే. అందుకని వారంలో మూడు రోజులు బడికి వచ్చేది కాదు. ఒక నెల మాత్రం ఒక్క రోజు కూడా మానలేదు. ఏంటా అని గోడ మీదుగా తొంగిచూశాను. వెదురుకర్రకు తాటాకు రెక్కలు, రెక్కలకు పాత డబ్బా మూతలు, మధ్యలో కిరసనాయిలు డబ్బా. సముద్రం గాలి వీస్తే రెక్కలు తిరిగి మూతలు డబ్బాను టకటకమని కొడుతున్నాయి. రాయపురం కాకులు, అంటే నౌకలో కెప్టెన్ చేతిలో రొట్టె కూడా ఎత్తుకుపోయే కాకులు, ఆ చప్పుడుకు దూరంగా తంతితీగ మీద వరసగా కూర్చుని ఏడుస్తున్నాయి.

మంగళ దాన్ని పోటీకి తెచ్చింది. మా హెడ్మాస్టరు జనార్దనం గారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఇది మామిడిపండా అమ్మా?"

"కాదు సార్. కాకుల్ని తోలేది. నేనే చేసినాను."

"సర్క్యులర్లో కాకి ఉందా?"

"లేదు సార్. మా పెరట్లో ఉండాది."

"నాకు రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలే ఉంది తల్లీ. ఈ వయసులో నా చేత కొత్తవి చేయించకు. బుద్ధిగా పండు చేసుకురా," అని ఆ యంత్రాన్ని తన గదిలో పెట్టి తాళం వేయించారు. అధ్యక్షులవారు వచ్చి వెళ్లేదాకా అది ఎవరి కంటా పడకూడదన్నారు. తాళంచెవి నా మొలతాడుకే ఉంది.

మంగళ పండు కూడా చేసింది. సీటు కావాలి కదా. మా స్కూల్లో రెండువందల నలభై పళ్లు తయారయ్యాయి. అందులో శాంపిల్‌కు అన్నివిధాలా దగ్గరగా వచ్చింది ఆ పిల్లదే.

పోటీ రోజు పెరట్లో పందిరి వేశాం. బల్లల మీద తెల్లగుడ్డ పరిచి పళ్లన్నీ వరసగా పెట్టాం. శాంపిల్‌ను గాజుపెట్టెతో సహా మధ్యలో నిలబెట్టాం. పక్కనే అధ్యక్షులవారి కోసం నూరు వడలు. వెంకటాచలపతి గారు కారు దిగారు. మెడలో ఎన్ని దండలు వేశామంటే ఆయన ముక్కు కూడా కనబడలేదు. కాసేపు దండలే ఉపన్యసించాయి.

"పిల్లలారా, వేరొకరిని అనుకరించడం మహాపాపం!" అని ఆయన అంగుళాల టేపు తీసి, ఒక్కొక్క పండునూ శాంపిల్‌తో పోల్చి కొలవడం మొదలుపెట్టారు. మంగళ పండు దగ్గర ఆగారు. "పొడవు నాలుగంగుళాలు. తొడిమ ఎడమ. భేష్!" అన్నారు. గోడ మీద కూర్చుని చూస్తున్న తంగమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

అప్పుడు వచ్చాయి కాకులు.

నెలరోజులుగా ఆకలి మీద ఉన్నాయి. గోడ అవతల టకటక లేదు, ఆవేళ ఎండబెట్టిన చేపలూ లేవు, ఇవతల వడలున్నాయి. రాయపురం కాకులు ముందు, వాటి వెనక తిరువొత్తియూరు కాకులు, వాటి వెనక వాటి వియ్యంకులు. మిట్టమధ్యాహ్నం చీకటి పడిందని వీధిలో లాంతరు కూడా వెలిగించారు. వడలకోసం కొట్టుకుంటూ బల్లలన్నీ తొక్కేశాయి. పళ్లు టపటపా కిందపడి పగిలాయి. అధ్యక్షులవారు తమ సహజమైన దూరదృష్టితో బల్ల కిందికి వెళ్లి, అక్కణ్ణుంచి పరిస్థితిని సమీక్షించారు.

"తాతా, తాళం తియ్యి! బిన్నా!" అని తొందరపెడుతూ మంగళ నా చెయ్యి పట్టుకు లాగింది. తీశాను. హెడ్మాస్టరు గారు వద్దనలేదు. ఆయన కూడా బల్ల కిందే ఉన్నారు. పిల్ల యంత్రాన్ని తెచ్చి పందిరి గుంజకు కట్టింది. గాలి వీచింది. టక టక టక టక. రెండు నిమిషాల్లో ఒక్క కాకి లేదు.

అధ్యక్షులవారు బయటికి వచ్చి దండలు దులుపుకున్నారు.

"ఏమిటిది?"

"కాకుల్ని తోలేది సార్."

"ఎవరు చెప్తే చేశావు?"

"ఎవురూ చెప్పలేదు సార్. నేనే అనుకొని చేసినాను."

"ఎవరి పర్మిషన్‌తో అనుకున్నావు?"

ఆయన పి.ఏ. నోటుబుక్కు తీసి "క్రమశిక్షణ లోపం" అని రాసుకున్నాడు. నాకు చదవడం రాదు గాని, రాసేటప్పుడు పైకి అనడం అతని అలవాటు.

తర్వాత తీర్పు. రూల్సు ప్రకారం శాంపిల్‌కు పూర్తిగా సరిపోయిన పండు ఉందా అని అధ్యక్షులవారు అడిగారు. పి.ఏ. పెంకులన్నీ వెతికి, "ఒకటి ఉంది సార్. చెక్కుచెదరలేదు. పొడవు, బరువు, తొడిమ, రంగు, ముద్రతో సహా సరిపోయింది," అన్నాడు.

"ఏదది?"

"శాంపిల్ సార్."

వెంకటాచలపతి గారు క్షణం కూడా తటపటాయించలేదు. గొప్పవాళ్లు తటపటాయించరు. గాజుపెట్టెకు దండ వేసి మొదటి బహుమతి ప్రకటించారు. మేం చప్పట్లు కొట్టాం. నేను గంట కూడా కొట్టాను.

తంగమ్మ గోడ దూకి వచ్చేసింది. "అయ్యా, మా బిడ్డ పండును మీరే కొలిచినారు గదా! బేషని మీ నోటితోనే అన్నారు గదా!"

"అది పగలక ముందమ్మా. పగిలిన పండుకు సీటిమ్మని రూల్లో లేదు."

"పగలని దానికి సదువొస్తాదా దొరా?"

"ఆ సంగతి హైస్కూలువాళ్లు చూసుకుంటారు," అన్నారాయన చాలా ఓపిగ్గా. పోతూ పోతూ మంగళ యంత్రాన్ని మండలి పరిశీలన కోసమని గుంజ నుంచి విప్పించి కార్లో పెట్టించుకున్నారు.

పది రోజుల తర్వాత హెడ్మాస్టరు గారు ఒక కాగితమిచ్చి నన్ను మైలాపూరు పంపారు. అధ్యక్షులవారి మిద్దె మీద వడియాలు ఎండుతున్నాయి. వాటి నడుమ టక టక టక టక. ఆయన భార్య అలమేలమ్మ గారు నాకు మజ్జిగ ఇచ్చి, "చూశావా? మా ఆయన సొంత బుర్రతో చేశారు. ఆయన ఊరికే ఉండలేరు," అన్నారు. మజ్జిగ చల్లగా ఉంది.

దారిలో ఆ హైస్కూలుకు కూడా వెళ్లాను. అక్కడ గంట కొట్టే మారిముత్తు నా స్నేహితుడే. ఫస్ట్ ఫారంలో ముందు బెంచీ మీద మామిడిపండు ఉంది. పేరు పిలిస్తే పక్క పిల్లవాడు దాని తరఫున "ప్రెజెంట్ సార్" అంటున్నాడు. రాత్రిళ్లు దోమతెర వేస్తున్నారట. ఒక్క దోమ కూడా కుట్టలేదని వార్డెను రిపోర్టు రాశాడట.

మంగళ మా బడికి రావడం మానేసింది. గోడ అవతల చేత కర్ర పట్టుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా "హుష్! హుష్!" అని అరుస్తూ ఉంటుంది. నా గంట కంటే ఇప్పుడు ఆ పిల్ల గొంతే ఎక్కువ వినిపిస్తుంది.

ఏడాది తిరిగింది. మామిడిపండు పాసయి సెకండ్ ఫారంకు వెళ్లిందనీ, సత్ప్రవర్తన బహుమతి కూడా దానికే వచ్చిందనీ మారిముత్తు చెప్పాడు. ఆ కబురు నేను గేటు దగ్గర చెబుతుంటే గోడ అవతల "హుష్" ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది.

ఏకాంబరం సుండల్ పొట్లం కడుతూ నిట్టూర్చాడు.

"ఏడాదంతా క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదంట గదా సామీ! మన పిల్లకాయలకి ఆ బుద్ధి ఎప్పుడొస్తాదో!"