గాలాడే సారె పెట్టెలు

సోమవారం ఉదయం పరదేశి వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య అచ్చియ్యమ్మ కూరగాయల బజారు నుంచి తిరిగొచ్చేలోగా అటక మీది డ్రమ్ముల్ని దింపించి, వడ్రంగి ఉమామహేష్‌ని వాటి ముందు కూర్చోబెట్టెయ్యాలి. పని మొదలైపోయాక ఆపమనడానికి ఆవిడకు నోరు రాదని ఆయన ధీమా. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో ఆవిడకు నోరు రాని సందర్భం ఒక్కటీ లేదన్న సంగతి ఎందుకో ఆ పూట గుర్తు రాలేదు.

పరదేశి బస్సు కండక్టరుగా చేసి కిందటేడు రిటైరయ్యాడు. ఆ ఉద్యోగం రాకముందు ఏడేళ్లపాటు కొండబాబు ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయించాడు. చోడవరం చుట్టుపక్కల ఏ ఊళ్లో జాతరైనా, తీర్థమైనా కొండబాబు పాటా, పరదేశి దరువూ ఉండాల్సిందే. ఇప్పుడా కొండబాబుకు గొంతులో ఏదో కాయ లేచింది. వచ్చే సోమవారం ఆపరేషన్. ఆ తర్వాత పాడగలడో లేదో డాక్టర్లు చెప్పలేదు. అందుకని ముందురోజు, ఆదివారం సాయంత్రం, తన సొంతూరు దేవరాపల్లిలో పాత జట్టుతో ఒక్కసారి పాడేస్తానన్నాడు.

"ఒరే పరదేసీ, అద్దె డ్రమ్ములు తెచ్చేవంటే నాను స్టేజీ ఎక్కను. నీ డ్రమ్ములే కావాల. ఆ సప్పుడు ఇంటేనే నాకు గొంతు లెగుస్తాది" అని ఫోన్లో బొంగురుగా చెప్పాడు. ఆ బొంగురు గొంతు విని పరదేశికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

డ్రమ్ములు దిగాయి. పెద్ద బేస్ డ్రమ్ము ఒకటి, కాళ్ల మీద నిలబడేది ఒకటి, చిన్నవి రెండు. ఒకప్పుడు ఎర్రగా తళతళలాడిన ప్లాస్టిక్ తొడుగు పెచ్చులూడిపోయింది. తోళ్లు చిరిగాయి. లోపలి చెక్క మాత్రం రాయిలా ఉంది. పరదేశి బేస్ డ్రమ్ములోకి తల దూర్చి చూశాడు. ఏ ఊళ్లో ప్రోగ్రాం చేస్తే ఆ ఊరి పేరూ, సంవత్సరమూ లోపలి చెక్క మీద పెన్సిల్‌తో రాసుకోవడం ఆయన అలవాటు. అవన్నీ వరసగా అక్కడే ఉన్నాయి. చాలాసేపు తల బయటికి తియ్యలేదు.

"మావయ్యా, తల ఇరుక్కుపోనాదేటి?" అన్నాడు ఉమామహేష్.

"నేదురా. నీ పని నువ్వు కానీ. లోపల మాత్రం గరుకు కాయితం పెట్టేవంటే సెయ్యి ఇరగ్గొడతాను."

ఉమామహేష్ ఇస్త్రీపెట్టెతో వేడి తగిలించి పాత ప్లాస్టిక్‌ను ఊడదీశాడు. పైచెక్కను నున్నగా రుద్ది, జిగురు పూసి, కాయితమంత పల్చటి టేకు పొరను చుట్టూ తిప్పి, పాత సైకిలు ట్యూబులతో బిగించి కట్టాడు. మొదటిదానికి కడుతుండగా అచ్చియ్యమ్మ కూరగాయల సంచితో గుమ్మంలో నిలబడింది.

"మార్చిలో పిల్ల పెళ్లప్పుడు నాకేటి మాటిచ్చేవు?" అంది.

కూతురు రేవతిని వడ్డాదిలో బెల్లం వ్యాపారం చేసేవాళ్లింట్లో ఇచ్చారు. పిల్లా అల్లుడూ విశాఖలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. పెళ్లికూతురి తండ్రి ఒకప్పుడు తీర్థాల్లో డ్రమ్ములు వాయించేవాడని తెలిస్తే వియ్యపురాలు గున్నమ్మ ముక్కు మీద వేలేసుకుంటుందని అచ్చియ్యమ్మ భయం. అందుకే ఏడాది తిరిగేవరకూ డ్రమ్ములు అటక దిగకూడదని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది.

"కొండబాబు కోసరమే. మన పెళ్లిలో తెల్లార్లూ పాడేడు, మర్సిపోనావా?" అన్నాడు పరదేశి.

అచ్చియ్యమ్మ మర్చిపోలేదు. సంచి రెండో చేతికి మార్చుకుంది. "సరే. ఆదోరం దాకా సప్పుడు సెయ్యకు. ఇవి డ్రమ్ములని ఎవులికీ సెప్పకు" అని లోపలికి వెళ్లిపోయింది.

బుధవారం నాటికి ఉమామహేష్ కట్లు విప్పి, పైన వార్నిష్ పూతలు పట్టించి, నట్లు బిగించే పాత కన్నాలన్నిటినీ మళ్లీ తొలిచి, డ్రమ్ముల్ని అరుగు మీద ఆరబెట్టాడు. ఎండపొడకి టేకు గీతలు మెరుస్తున్నాయి. పక్కింటి నూకరత్నం గోడ మీంచి తల పెట్టింది.

"ఓలమ్మ! ఇవేటి వదినా, ఇంత బాగున్నాయి?"

నూకరత్నం పుట్టిల్లు వడ్డాది. అది అచ్చియ్యమ్మకు గుర్తొచ్చింది. ఏదో ఒకటి చెప్పాలి కదా. "మన రేవతికే" అంది.

ఎల్లుండి శుక్రవారం రేవతి అత్తవారింటికి మొదటి శ్రావణం సారె వెళ్లాలి. పిల్ల ఎక్కడున్నా సారె చేరాల్సింది వడ్డాదికే. అక్కడ వీధి వీధంతా పంచాల్సిందే. ఇంత తెలిసిన నూకరత్నం నాలుగు గుండ్రటి టేకు వస్తువుల్ని చూసి ఇంకేమనుకుంటుంది? ఫోన్ తీసి ఒక ఫోటో కొట్టి పుట్టింటికి పంపింది. అరగంటలో గున్నమ్మ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"వదినగారూ, టేకు పెట్టెల్లో సారె పంపుతన్నారంట! ఫోటో సూసేను. మా వీదంతటికీ సూపించేసేను. అందరూ స్టీలు క్యాన్లలో పంపుతారు, టేకులో మీరే మొదలు!"

"అయ్యో, అవి మరేటంటే..."

"పక్క వీదోలు కూడా సూడ్డానికొస్తామంటన్నారు. ఇంకో వంద లడ్డూలు ఎక్కువెయ్యండి."

అచ్చియ్యమ్మ నిజం చెబుదామనే నోరు తెరిచింది. నిజం చెప్పాలంటే డ్రమ్ములని చెప్పాలి. ముప్ఫై ఆరేళ్లలో మొదటిసారి ఆవిడకు నోరు రాలేదు. ఫోన్ పెట్టేసి వంటవాళ్లకు ఇంకో వంద లడ్డూలు చెప్పింది.

గురువారం కల్లా సంగతి ఊళ్లో పాకిపోయింది. కూతుళ్లకు పెళ్లి కుదిరిన నలుగురు తల్లులు ఉమామహేష్ కొట్టుకు వెళ్లి, నూకరత్నం ఫోటో చూపించి, తమకూ అలాంటి పెట్టెలే కావాలన్నారు. సరిగ్గా అలాగే ఉండాలి, వీసమెత్తు తేడా రాకూడదన్నారు.

శుక్రవారం పొద్దున్నే పరదేశి కొత్త తోళ్లు కొనడానికి విశాఖ బస్సెక్కాడు. సారె ఆడవాళ్ల వ్యవహారం కనుక ఈ గొడవేదీ ఆయన చెవిన పడలేదు. బస్సు కదిలిందో లేదో అచ్చియ్యమ్మ ఉమామహేష్‌ని పిలిపించింది.

"వీటికి అడుగులు బిగించు."

"డ్రమ్ములకి అడుగులేటి అత్తా? మావయ్య నన్ను సంపేస్తాడు."

"అక్కడ స్టీలు క్యాన్లలోకి మార్పించేసి సాయంత్రానికి తెచ్చేస్తాను. రేపు ఊడదీసేద్దువు. ఆయనకి తెలీదులే."

ఉమామహేష్ ప్లైవుడ్ ముక్కల్ని గుండ్రంగా కోసి మేకులతో బిగించాడు. కొట్టిన ప్రతి మేకుకీ పరదేశికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. లోపల అరిటాకులు పరిచి బేస్ డ్రమ్ము నిండా లడ్డూలు, నిలువుదాంట్లో జంతికలు, చిన్నవాటిలో అరిసెలూ కాజాలూ పోశారు. పదకొండు గంటలకు వ్యాను బయల్దేరింది.

రెండింటికి పరదేశి తోళ్లు చంకన పెట్టుకుని ఇంటికొస్తే అరుగు ఖాళీగా ఉంది.

"ఎల్లిపోనాయి అన్నయ్యా" అంది నూకరత్నం గోడ మీంచి, ఎంతో సంబరంగా. "పెద్దదాన్లో లడ్డూలు ఎంత నిండుగా పట్టేయో!"

"దేన్లో?" అన్నాడు పరదేశి.

ఆవిడ చెప్పింది. పరదేశి దిగిన ఆటోలోనే మళ్లీ కూర్చుని వడ్డాది పొమ్మన్నాడు. దారంతా ఆయనకు ఒకటే దిగులు. సారెగా గుమ్మం దాటిన వస్తువును తిరిగి ఎలా అడుగుతాడు? అడక్కపోతే ఎల్లుండి కొండబాబు ఏ చప్పుడు విని గొంతు ఎత్తుతాడు?

వడ్డాదిలో గున్నమ్మ గారి వసారా నిండా ఆడవాళ్లు. మధ్యలో డ్రమ్ములు. వాటి పక్కన అచ్చియ్యమ్మకు ముచ్చెమటలు పోస్తున్నాయి.

"వదినగారూ, పెట్టెల సుట్టూ ఇన్ని కన్నాలేటి?" అని అడిగింది గున్నమ్మ. ఆ కన్నాల్లోంచి బూందీ పలుకులు రాలుతున్నాయి. చీమలు అప్పటికే వరస కట్టాయి.

"గాలాడ్డానికి. లడ్డూలు ముక్కిపోకుండా."

"ఆహా!" అన్నారు వసారాలో అందరూ.

"మరి లడ్డూ ఏదో వాసనొస్తందేటి?"

"పచ్చకర్పూరం" అంది అచ్చియ్యమ్మ. అది వార్నిష్.

"ఏటైనా పెట్టెలు మాత్రం మా ఇంట్లోనే ఉంటాయి. ఈ పెద్దదాన్లో బియ్యం పోసుకుంటాను" అని గున్నమ్మ దాన్ని ముద్దుగా తట్టింది.

"పొయ్యద్దు సెల్లెమ్మా!" అని గుమ్మంలోంచి కేక వినబడింది. అందరూ తిరిగి చూశారు. చంకన తోళ్లతో, చెదిరిన జుట్టుతో పరదేశి నిలబడి ఉన్నాడు. "అవి పెట్టెలు కావు. నా డ్రమ్ములు. ఉద్యోగానికి ముందు నాను తీర్తాల్లో వాయించేవోడిని."

అచ్చియ్యమ్మ కళ్లు మూసుకుంది. దాచుకున్న పరువంతా వసారాలో పోసినట్టయింది. గున్నమ్మ మాత్రం లడ్డూలు బుట్టల్లోకి తీయించింది. అరిటాకులు లాగేసి, కళ్లజోడు పెట్టుకుని, బేస్ డ్రమ్ములోకి తల దూర్చింది. ఆవిడా చాలాసేపు తల బయటికి తియ్యలేదు.

"వడ్డాది తీర్తం, ఎనబై ఏడు" అని లోపల్నుంచి గొంతు గుయ్యిమంది. తల బయటికొచ్చేసరికి ఆవిడ ముఖంలో పదహారేళ్ల పిల్ల కనబడింది. "ఎర్ర సొక్కా ఏసుకుని, జుత్తు ఎగరేసి వాయించేరు. అది మీరేనా అన్నయ్యగారూ? మా నాన్న ఇంటికి రమ్మని లాగుతుంటే పందిరి రాట పట్టుకుని ఏడిసేను నాను! ఈ మాట ముందే సెప్పుంటే పెళ్లిలో మీసేతే వాయింపించుదును కదా!"

అచ్చియ్యమ్మ కళ్లు తెరిచింది. గున్నమ్మ మళ్లీ డ్రమ్ములోకి తల దూర్చింది.

"ఇక్కడింకోటుంది. బుచ్చయ్యపేట, ఎనబై ఎనిమిది. ఆకుపచ్చ పరికిణీ గుంట, రెండో వరస. ఎవులు అన్నయ్యగారూ?"

అచ్చియ్యమ్మ పుట్టిల్లు బుచ్చయ్యపేట. అయినా ఆవిడకు తట్టలేదు. సారె సంగతి మర్చిపోయి లేచి నిలబడింది. "ఎవర్తది?"

"నువ్వే" అన్నాడు పరదేశి. "సేతిలో సెరుకు ముక్క. పక్కన మీ అమ్మ. పెళ్లిసూపుల్లోనే నిన్ను మొదట సూసేనని అబద్దమాడేను. డ్రమ్ములోడు తీర్తంలో సూసి మనసు పడ్డాడంటే మీ నాన్న ఇవ్వడని బయపడ్డాను."

అచ్చియ్యమ్మ వంగి డ్రమ్ము లోపలి ఆ పెన్సిల్ అక్షరాలు చూసింది. తనూ అదే భయంతో, అదే సంగతిని, ఇన్నాళ్లూ అటక మీదికెక్కించింది. ఆవిడకు సిగ్గేసింది, వియ్యపురాలి ముందు కాదు, మొగుడి ముందు. చెంగుతో కళ్లు తుడుచుకుని, "పట్టకారుంటే ఇలగియ్యండి వదినగారూ. ఈ మేకులు నానే కొట్టించేను, నానే తీస్తాను" అంది.

ఆదివారం దేవరాపల్లికి వడ్డాది నుంచి రెండు వ్యాన్ల ఆడవాళ్లు వచ్చారు. కొండబాబు తొమ్మిది పాటలు పాడాడు. పదోదాని మధ్యలో గొంతు పట్టేసి వెనక్కి తిరిగి చూశాడు. పరదేశి దరువు ఆపలేదు. ఆ దరువు మీద మిగతా పాటను జనమే పాడేశారు. కొండబాబు మైకు పట్టుకుని ఏడుస్తూ నవ్వాడు. బేస్ డ్రమ్ము మోగినప్పుడల్లా కన్నంలోంచి ఒకటో రెండో బూందీ పలుకులు ఎగిరి పడుతూనే ఉన్నాయి. రెండో వరసలో అచ్చియ్యమ్మ కూర్చుంది. ఆకుపచ్చ చీర కట్టుకుంది.

ఆ నలుగురు తల్లుల పెట్టెలూ తయారయ్యాయి. వాటికి కన్నాలు అక్కర్లేదని ఉమామహేష్ ఎంత మొత్తుకున్నా వినకుండా, లడ్డూలకు గాలాడాలి కదా అని దగ్గరుండి మరీ తొలిపించుకున్నారు.