మూడు ట్యూబులూ, అమ్మోరూ

బుధవారం పొద్దున యశస్విని వేసుకున్న పథకం చిన్నదే. అందరికంటే ముందు ఆఫీసుకు పోవాలి. మేనేజర్ శివశంకర్ తన గాజు గదిలో కాఫీ ఊదుకుంటూ ఉండగానే పట్టుకోవాలి. "రేపటి డెమో నేనే చెప్తా సార్" అని నిలబడి అడగాలి. ఆ మాటను స్నానాల గదిలో ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా అనుకుని చూసుకుంది. తర్వాత అద్దం మీది ఆవిరి తుడిచి మొహం చూసుకుంది. మాట అక్కడే ఆగిపోయింది.

చెంపలు రెండూ పండుమిరపకాయల్లా ఉన్నాయి. నుదుటి నిండా పొక్కులు. ముక్కు పక్కన తోలు ఉల్లిపొరలా లేచి నిలబడింది.

దీనికి మూలం వెతికితే శివశంకర్ దగ్గరే తేలుతుంది. ఆస్పత్రిలో ఏ వార్డులో ఏ మంచం ఖాళీగా ఉందో క్షణంలో చూపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆ ఆఫీసులో తయారైంది. తయారైంది అనడం మర్యాద కోసం. నిజానికి యశస్విని తయారు చేసింది, మిగతావాళ్ళు మీటింగుల్లో తలలూపారు. దాన్ని చూడటానికి బొంబాయి నుంచి ఒక ఆస్పత్రి పెద్దలు గురువారం వస్తున్నారని తెలిశాక శివశంకర్ ఆమెను పిలిచాడు.

"నువ్వు లోపలి పని చూస్కో యశస్వినీ. ముందట నిలబడి మీ టీముల వినయ్ చెప్తడు. పెద్ద స్క్రీను, పెద్దమనుషులు. జర ఫ్రెష్‌గ కనవడాలె గద" అంటూ వేలితో తన చెంప మీద గుండ్రంగా గీసి చూపించాడు.

ఇంటర్ చదివేనాటి మొటిమలు పోతూ పోతూ ఆమె చెంపల మీద గుంటలు వదిలి వెళ్ళాయి. వాటితో ఆమెకు పేచీ లేదు. పేచీ అంతా చూసేవాళ్ళకే. లిఫ్టులో కలిసిన ఆవిడ శనగపిండి అంటుంది, క్యాంటీన్లో కలిసిన ఆవిడ కలబంద అంటుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకో ఎవరూ చెప్పరు. ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకుంది గానీ, తాను కట్టిన ఇంటికి గృహప్రవేశం ఇంకొకడు చేస్తాడంటే, అదీ చెంప నున్నగా ఉన్నందుకు చేస్తాడంటే, ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ మంటలోనే ఆమె నల్లగండ్ల మందుల షాపులో ఒక క్రీమూ, చందానగర్ బజారులో ఒక ఆసిడ్ లోషనూ, ఫోనులో ఆర్డరిచ్చి ఒక విటమిన్ సీరమూ కొన్నది. ఏ ఒక్కదానికీ డాక్టరు చీటీ అడిగినవాడు లేడు.

మూడింటి పెట్టెల మీదా చీమతలంత అక్షరాల్లో ఒకే సంగతి ఉంది. కొంచెం కొంచెంగా వాడండి, నెలల తరబడి ఓపిక పట్టండి, మంట పుడితే ఆపండి. అంత ఓపిక ఆమెకుంది, డెమోకు లేదు. అందుకని మంగళవారం రాత్రి గోడకు లప్పం, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు పట్టించినట్టు మూడూ ఒకదాని మీద ఒకటి పట్టించి పడుకుంది. మంట పుడితే పనిచేస్తోంది అనుకుంది.

స్నానాల గది తలుపు తీసేసరికి ఎదురుగా అత్త కిష్టమ్మ ఉంది. ఆమె చేతిలో పోపుగరిటె ఉంది. కోడలి మొహం చూసి గరిటె కింద పెట్టింది, చెంగు భుజాల మీదుగా కప్పుకుంది, రెండు చేతులూ జోడించింది.

"తల్లీ, వచ్చినవా" అంది.

"ఏడికి వచ్చుడు అత్తమ్మా? ఈడనే ఉన్న గద."

"తిరుపతీ, స్టవ్ బంద్ చెయ్ బిడ్డా. ఇంట్ల తాలింపు వాసన రావద్దు. కోడలికి అమ్మోరు పోసింది."

యశస్వినికి ఒళ్ళు మండింది. అప్పటికే మొహం మండుతోంది కాబట్టి తేడా పెద్దగా తెలియలేదు. లోపలికి పోయి మూడు ట్యూబులూ తెచ్చి అత్త ముందు వరుసగా పెట్టింది. "అమ్మోరు కాదు, పాడు కాదు. ఇగో, ఇవి రాసుకున్న. మొహం కాలింది. అంతే."

కిష్టమ్మ వాటిని తాకకుండా, వంగి చూసింది. "గివి లోకమంత పూసుకుంటున్నరు బిడ్డా. అందరికీ గిట్లయిందా? తల్లి వచ్చేటప్పుడు ఏదో ఒక సాకు పెట్టుకొని వస్తది. మా చిన్నమ్మకు వంకాయ కూర తింటె వచ్చింది."

"దవాఖానకు పోదాం పా. డాక్టరే చెప్తడు."

"తల్లి ఇంటికొస్తె దవాఖానకు తోలుతరా ఎవరన్న?"

యశస్విని మొగుడి వైపు తిరిగింది. తిరుపతి ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు నిలబడ్డాడు. "నువ్వు చెప్పేదే నిజమనుకో" అన్నాడు. "అమ్మ చెప్పేది అబద్ధమే అనుకో. ఒకవేళ కాకపోతే?"

"ఇంజనీరింగ్ చదివినవ్ గద నువ్వు."

"చదివిన. అందుల ఈ చాప్టర్ లేదు."

యశస్విని అరిచింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఆమె అరవడం అదే మొదలు. అదే ఆమె చేసిన తప్పు. కోడలు అరవదని కిష్టమ్మకు తెలుసు. కాబట్టి అరిచింది కోడలు కాదు.

"శాంతించు తల్లీ, శాంతించు" అని అత్త నీళ్ళల్లో పసుపు కలిపి గుమ్మంలో అమ్మోరికి సాక పోసింది. వాచ్‌మన్ నర్సయ్యకు ఫోను చేసి, అపార్టుమెంటు పార్కులో ఉన్న ఒకే ఒక్క వేపచెట్టు నుంచి మండలు తెప్పించి తలుపుకు తోరణంలా కట్టించింది.

అంత పచ్చటి తోరణం ఆ కారిడార్లో ఎవరి కంట పడకుండా ఉంటుంది? కాసేపటికి అసోసియేషన్ సెక్రటరీ బుల్లిబాబు వచ్చి, గుమ్మానికి బాగా దూరంగా లిఫ్టు దగ్గరే నిలబడి గొంతెత్తాడు.

"ఏమనుకోకండమ్మా. మా అమ్మగారి ఊళ్ళో కూడా ఇలాగే కట్టేవారండి. కానీ చికెన్‌పాక్స్ అంటువ్యాధి కదండి. పిల్లలున్నారు కదండి. గ్రూపులో ఓ ముక్క పెడుతున్నానండి."

"చికెన్‌పాక్స్ కాదు, క్రీమ్" అని యశస్విని లోపల్నుంచి కేకేసింది.

"ఆవిడ బాగా నీరసంగా ఉన్నట్టున్నారండి" అని బుల్లిబాబు దిగిపోయాడు.

గ్రూపులో ఓ ముక్క పడింది. లిఫ్టుకు అడ్డంగా తాడు పడింది. జిమ్ము మూతపడింది. పాలపాకెట్టు గేటు దగ్గరే ఆగిపోయింది. కింది అంతస్తు ముసలావిడ పుణ్యవతి మాత్రం భయపడలేదు. మెట్లెక్కి వచ్చి, పెరుగన్నం గిన్నె గడప మీద పెట్టి మొక్కింది. "మా కోడలికి నైట్ షిఫ్టు తప్పేటట్టు చూడు తల్లీ."

"నేను ఎవరికీ ఏం చూడను. నా షిఫ్టుకే దిక్కులేదు."

"చూశినవా, గుస్స అయితున్నది" అని పుణ్యవతి కిష్టమ్మతో భయంగా అంది. మళ్ళీ మొక్కి, ఇంకో కోరిక కూడా చెప్పుకుని పోయింది.

అదే అపార్టుమెంటులో సి బ్లాకులో వినయ్ ఉంటాడు. కడప నుంచి వచ్చి అక్కడ కిరాయికి దిగిన మనిషి. గ్రూపులోని ముక్కను అతను ఆఫీసు గ్రూపులోకి మోశాడు. మోసి, యశస్వినికి ఫోను చేశాడు.

"ఎట్లుండారు మేడమ్? ఫికర్ పెట్టుకోవద్దండి. డెమో నేను చూసుకుంటా లే. మీరు ఆ పాస్‌వర్డూ, స్లైడ్లూ పంపి పండుకోండి."

"నాకేం కాలేదు వినయ్. క్రీమ్ పడలేదు. ఇప్పుడు ఆఫీసుకే వస్తున్న."

"రావద్దు మేడమ్. సెక్యూరిటీ వాళ్ళు రానీరు. మీ పేరు మీద మెయిల్ వచ్చింది."

మెయిల్ వచ్చిన మాట నిజమే. యశస్విని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చేవరకు లోపలికి రాకూడదు. అది ఇచ్చే డాక్టరు దగ్గరికి అత్త పోనివ్వదు. ఆమె కుర్చీకి మందు కొడుతున్నారు. ఆమె పక్కన కూర్చునేవాళ్ళు కూడా ఇంటి నుంచే పని చేయాలి. పక్కన కూర్చునేది వినయే. అతను కూడా గేటు దగ్గరే ఆగిపోయి, మోసిన ముక్క బరువు తెలుసుకుని మూసాపేటలో అన్న ఇంటికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం శివశంకర్ వీడియో కాల్ చేశాడు. యశస్విని హాల్లో కూర్చుంది. మొహానికి అత్త పూసిన పసుపు, వెనక వేపమండలు, పక్కన ఊదు పొగ. అత్త పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది.

"యశస్వినీ, చాలా పరేషాన్ ఉన్నది" అన్నాడు శివశంకర్. "వినయ్ బయటనే ఉన్నడు. ఇగ నేనే చెప్త. ఆ పాస్‌వర్డ్ ఇచ్చి, ఏది నొక్కితె ఏమొస్తదో జర రాసి పంపు."

ఆమె పొద్దున అనుకున్న మాట మెత్తగా రాలేదు, గట్టిగానూ రాలేదు. మూడో విధంగా వచ్చింది.

"రెండేండ్లు నేను కట్టిన. ఏ మంచం ఏడ ఉన్నదో నాకెర్క. పండుగ రోజు సుత కుర్చీల కూసున్న. అప్పుడు నా మొహం ఎవరికీ అడ్డం రాలే. ఇయ్యాల నలుగురి ముందట నిలబడే కాడ అడ్డమొచ్చిందా?"

"విన్నరా సారూ" అని కిష్టమ్మ ముందుకు వంగి ఫోనులోకి చెప్పింది. "తల్లి లెక్క అడుగుతున్నది. చెప్పులు తొడుక్కొని మాట్లాడొద్దు."

స్క్రీను మీద శివశంకర్ మొహం మారింది. డేటా లేనిదే ఏ మాటా నమ్మనని ప్రతి మీటింగులో చెప్పే మనిషి అతను. తలకాయ కిందికి వంగి కనబడకుండా పోయింది. తిరిగి పైకి వచ్చినప్పుడు చేతిలో రెండు బూట్లున్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక గాజు గది తలుపు తెరిచి బయట పెట్టి వచ్చాడు. ఫ్లోరంతా లేచి నిలబడి చూస్తోంది.

"మా ఊర్ల మా మేనత్త ఒకసారి తల్లికి ఎదురు మాట్లాడింది" అన్నాడు సన్నగా. "మూడు బర్లు పోయినయి."

"సార్, నేను నిజం చెప్తున్న, ఇది క్రీ..."

క్రీము అనబోయి ఆగింది. పొద్దుటి నుంచి నిజం చెప్పి చెప్పి గొంతు పోయింది. ఆ నిజం ఆమెకు ఒక గ్లాసు పాలు కూడా తెచ్చిపెట్టలేదు. అటు చూస్తే రెండేళ్ళ నుంచి ఆమె మాటకు తల తిప్పని మనిషి ఒట్టి కాళ్ళతో నిలబడి ఉన్నాడు.

యశస్విని నిటారుగా కూర్చుంది. మొహం మీదికి పడిన వెంట్రుకలు వెనక్కి తీసేసింది, గుంటలన్నీ కనబడేటట్టు.

"శివశంకర్" అంది.

సార్ లేకుండా తన పేరు వినగానే అతను చేతులు కట్టుకున్నాడు. "చెప్పు తల్లీ."

"ఆ పని ఎవరిది?"

"నీదే తల్లీ."

"రేపు ఎవరు చెప్తరు?"

"నువ్వే. ఇంట్ల కూసునే చెప్పు. పెద్ద స్క్రీను పెట్టిస్త."

"కింద పేరు?"

"నీ పేరొక్కటే."

"మరి నా మొహం?"

"మొహానికేమున్నది తల్లీ" అన్నాడు శివశంకర్. తన చెంప మీదికి పోబోయిన వేలిని దారిలోనే ఆపుకున్నాడు.

తిరుపతి వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. నమ్మాలో వద్దో తేల్చుకోలేక, ఎందుకైనా మంచిదని తన చెప్పులు కూడా బయట పెట్టి వచ్చాడు.

గురువారం డెమో జరిగింది. యశస్విని కెమెరా ఆపలేదు. బొంబాయి పెద్దలు మంచాల గురించి అడిగారు, ఐసీయూ గురించి అడిగారు, కరెంటు పోతే ఏమవుతుందని అడిగారు. మొహం గురించి ఎవరూ అడగలేదు. వాళ్ళలో ఒకాయన మాత్రం, వెనక ఆ ఆకుల బ్యాక్‌గ్రౌండ్ ఏ యాప్‌లో దొరుకుతుందని అడిగాడు. ఒప్పందం అక్కడికక్కడే కుదిరింది.

వారానికల్లా పాత తోలు రాలిపోయింది. కింద నుంచి కొత్త తోలు వచ్చింది, గుంటలు గుంటల్లాగే ఉన్నాయి. కిష్టమ్మ పోచమ్మ గుడికి పోయి కోడిని ఇచ్చి వచ్చింది. వచ్చీ రాగానే, "ఏం పిల్లా, ఇంక బియ్యం కడగలేదా?" అంది. అమ్మోరు వెళ్ళిపోయిందని యశస్వినికి అప్పుడు రూఢి అయింది.

ఆ ఏడాది అప్రైజల్‌లో శివశంకర్ ఆమె గురించి ఒకే వాక్యం రాశాడు: "ఈమె చెప్పే తీరులో ఈ మధ్య మంచి స్పష్టత వచ్చింది."