కిటికీ ఊచకు నీలిపూల గొలుసు

ఆ ఉదయం ఝాన్సీ టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. నీలి ఎనామిల్ పట్టించిన రాగి పూరేకులకు తొమ్మిదింటికల్లా చివరి రివిట్ వేయాలి. పదకొండింటికి పెళ్ళి ప్రధానంలో ఆ గొలుసు పింకీ మెడలో మెరవాలి. పింకీ ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్న పిల్ల. ఒకరు అడిగి మరీ చేయించుకుంటున్న మొదటి నగ ఇదే. వెనక కొక్కెంతో సహా మిగతా గొలుసంతా నిన్ననే సిద్ధమైంది. ఇది కుదిరితే అమలాపురంలో తన పనికీ ఒక పేరొస్తుందని ఆమె ఆశ.

వెలుతురు కోసం బల్లను కిటికీ దగ్గరకు లాక్కుంది. రివిట్ కోసం రేకుల్లోంచి రాగితీగ దూర్చి, కొసకు చిన్న గ్యాస్ టార్చితో మంట చూపించింది. కొస కరిగి ఆవగింజంత గుండ్రంగా ముడుచుకుంది. బయట కాలువలో గుర్రపుడెక్క పూలు నెమ్మదిగా ఊగుతున్నాయి. లోపల రేకులదీ అదే నీలం. కోనసీమ ఆడవాళ్ళంతా తన పూలు మెళ్ళో వేసుకుని పడవల్లో పోతున్నట్టు కనబడింది ఆమెకు. ఆ పడవలు దిగి చూసుకునేసరికి గొలుసు కిటికీ ఊచ చుట్టూ ఉంది. కదలకుండా ఉంటుందని ఊచకు తగిలించిన సంగతి మరిచిపోయి, రెండు కొసలూ పువ్వుకు కలిపి రివిట్ వేసేసింది మహాతల్లి.

"ఏవండీ, ఓసారి ఇలా రండి."

భర్త శ్యామ్ బాబు వచ్చి లాగాడు. కొబ్బరినూనె రాసి మళ్ళీ లాగాడు.

"రివిట్ ఊడదీసేద్దామా?"

"ఎనామిల్ పెచ్చులూడిపోద్దండీ."

"పోనీ గొలుసు కత్తిరించి మళ్ళీ అతుకు."

ఆ మాట ఇంటి ఓనరు అచ్చాయమ్మగారి చెవిన పడింది. "ప్రధానం పిల్ల గొలుసు తెంపుతారేటండీ? తప్పండీ. ఊచ పోతే పోయింది, అదే కోయించెయ్యండి."

"ఆయ్, అలాగేనండి," అని శ్యామ్ బాబు గ్రిల్స్ చేసే వీరవెంకటరమణకు ఫోన్ కొట్టాడు.

రమణ కోత మిషను తెచ్చి ప్లగ్గు పెట్టగానే వీధంతా కరెంటు పోయింది. ఎందుకు పోయిందో కనుక్కోవడానికి వచ్చినవాళ్ళు ఊచ పట్టుకుని ఏడుస్తున్న టీచరును చూశారు. ఆ కబురు నాలుగిళ్ళు దాటేసరికి టీచరుగారి చెయ్యి కిటికీలో ఇరుక్కుంది, వంతెన దాటేసరికి తలే ఇరుక్కుంది.

ఈలోగా కరెంటు వచ్చింది. పూలకు నిప్పురవ్వలు తగలకుండా తడి తువ్వాలు కప్పి, రమణ బయటి నుంచి ఊచ పై కొస కోశాడు. కింద కొస తెగుతుండగా, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పింకీ రొప్పుతూ వచ్చింది.

"టీచరుగారూ, మీ తల బాగానే ఉందాండీ?"

"నా తలకేం కాలేదమ్మా. నీ గొలుసే పాడుచేసేను." ఝాన్సీ సిగ్గుతో తల దించుకుంది.

పింకీ తువ్వాలు ఎత్తి చూసింది. గొలుసు వెనక వైపు ముందుకు తిప్పి, కొక్కెం విప్పి, ఊచ నుంచి తీసి మెళ్ళో వేసుకుంది. అప్పుడే ఊచ రెండో కొస కూడా తెగి అరుగు మీద ఠంగుమని పడింది.

పింకీ మెడలో కాలువ నీలమంతా వెలుగుతుంటే ఝాన్సీ కళ్ళలో మళ్ళీ పడవలు కదిలాయి.

"ఆ కొక్కెం ఎప్పుడు పెట్టేరండీ?" అచ్చాయమ్మగారు నెమ్మదిగా అడిగింది.

"నిన్నేనండి."

అచ్చాయమ్మగారు అరుగు మీది ఊచను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. దానికి మాత్రం కొక్కెం లేదు.